తిరగేసి రాస్తేనే తిన్నగా పడుతుంది

బెండకాయని అడ్డంగా కోసి, రంగులో ముంచి, కాగితం మీద అద్దే ఆట మనమంతా చిన్నప్పుడు ఆడిందే. ప్రింట్‌మేకింగ్ అంటే అంతేగా అనుకున్నా. ఈ వేసవిలో ఎనిమిది ఆదివారాలు ఒక స్టూడియోకి వెళ్ళొచ్చాక చెప్తున్నా, అంతే, కానీ అంత సులువు కాదు.

ఆ స్టూడియో ఏ ఒక్కరి సొంతమూ కాదు. ప్రెస్సు కొనడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి నెలకింత అని కట్టి అందరూ కలిసి వాడుకుంటారు. రోలర్లు, ఉలులు అక్కడే ఉంటాయి. లినో, కాగితం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. మన చెన్నైలోనే గ్రీమ్స్ రోడ్డు లలిత కళా అకాడమీలో కూడా గ్రాఫిక్ స్టూడియో ఉంది, చాలామందికి తెలియదు.

అచ్చు పద్ధతులన్నిట్లోనూ మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: సిరా ఎక్కడ నిలుస్తుంది? బెండకాయలో పైకి ఉన్న భాగానికి అంటుకుంటుంది. పెడన కలంకారీ చెక్క అచ్చులదీ అదే పద్ధతి. (శ్రీకాళహస్తి కలంకారీ వేరు, అక్కడ కలంతో చేత్తో గీస్తారు. పేరొకటే కదా అని నేను రెండూ ఒకటే అనుకునేదాన్ని.) ఎచింగ్‌లో దీనికి సరిగ్గా తిరకాసు. జింకు లేదా రాగి రేకుకి మైనం లాంటి పూత పూసి సూదితో గీస్తే, గీసిన చోట యాసిడ్ తినేస్తుంది. ఆ పల్లంలో సిరా నింపి పైదంతా తుడిచేసి, తడి కాగితం వేసి ప్రెస్సులో నొక్కుతారు. మెదక్ జిల్లాలో పుట్టిన లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు చూస్తే ఆ సన్న గీత ఏంటో తెలుస్తుంది. రాతి మీద చేసే లితోగ్రఫీలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు, జిడ్డుకీ నీళ్ళకీ పడదన్న ఒక్క సంగతి మీదే అంతా నడుస్తుంది. 1894లో బొంబాయిలో పెట్టిన రవివర్మ ప్రెస్సు నుంచి లక్ష్మీ, సరస్వతీ పటాలు ఇంటింటికీ చేరింది ఈ పద్ధతిలోనే.

నేను నేర్చుకున్నది లినోకట్. లినోలియం 1860ల్లో ఇంగ్లండులో నేల మీద పరవడానికి పుట్టిన వస్తువు. అవిసె నూనె, బెరడు పొడి కలిపి గోనె గుడ్డ మీద పరిచి చేస్తారు. చెక్కలాగా దీనికి నార ఉండదు, ఉలి ఎటు తిప్పితే అటు వెళ్తుంది. కాసేపు ఎండలో పెడితే ఇంకా మెత్తబడుతుంది. ఒక్కటే నియమం: పలకని పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. నాకు ఎడమ బొటనవేలి మీద చిన్న గీత ఉంది, ఆ నియమం అలా గుర్తుండిపోయింది.

చెక్కిన చోటు తెల్లగా, వదిలేసిన చోటు నల్లగా పడుతుంది. నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీగారి లినోకట్ చూసే ఉంటారు, నల్లటి నేల మీద చేతికర్రతో నడుస్తున్న మనిషి, అంతా తెల్ల గీతలే. చెక్కేసింది మళ్ళీ అతికించలేం. రబ్బరు పెట్టి చెరపడం అలవాటైన చేతికి ఇది కష్టం.

నాలుగో ఆదివారం నాటికి ధైర్యమొచ్చి, మన గోడపత్రిక తలకట్టుకి 'తెలుగు' అన్న మాట చెక్కిస్తానని మేడమ్‌కి మాటిచ్చేశా. అచ్చులో అక్షరం తిరగబడుతుందని తెలుసు. అందుకని తె, లు, గు మూడూ విడివిడిగా ట్రేసింగ్ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ తిరగేసి, పలక మీద ఎడమ నుంచి కుడికి వరసగా దించా. ఆరు గంటలు చెక్కా. రోలర్‌తో సిరా పూసి, కాగితం వేసి, ప్రెస్సు ఖాళీ లేక చెక్క గరిటె వీపుతో రుద్ది, మూల పట్టుకుని మెల్లగా లేపా.

గులుతె.

అక్షరాలు ఒక్కొక్కటీ చక్కగానే పడ్డాయి. వరస తిప్పలేదు, అంతే. పక్క బల్ల దగ్గరున్న అక్కకి తెలుగు రాదు, "సూపరా ఇరుక్కు" అంది. ఇంటికి తెస్తే అవ్వ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇదే ఊరే?" అంది.

నవ్వానుగానీ ఆ రాత్రి బాధేసింది. మా ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడతాం. బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఈ కాలేజీకి వచ్చాకే దిద్దా. ఆరు గంటలసేపు ఆ మూడింటినీ బొమ్మలుగా చూశానేగానీ ఒక్కసారైనా మాటగా చదవలేదు. తమిళంలో అయితే ఈ తప్పు చేసేదాన్నా?

రెండో పలకకి మాటంతా ఒకే కాగితం మీద రాసి, మొత్తంగా తిరగేశా. అప్పుడు చూశా: 'గు' ముందుకొచ్చి, దాని కొమ్ము ఎడమపక్కకి పోయింది. ఎత్వం చుట్టు ఎటు తిరగాలో, తలకట్టు ఎటు వాలాలో ప్రతిదానికీ ఆగి ఆలోచించాల్సొచ్చింది. ఏ పక్క నుంచి చూసినా మారనిది సున్న ఒక్కటే, నా మాటలో అది లేదు! చెక్కేముందు అద్దం ముందు పెట్టి పైకి చదివా. ఇది మీరూ చెయ్యండి, ఖర్చు లేని జాగ్రత్త.

మద్రాసులో పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలేలో మొట్టమొదటి తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడని క్లాసులో రాసుకున్నాం. పరీక్షకి అది ఒక మార్కు ప్రశ్న. ఇప్పుడు ఆ సీసపు అక్షరాలన్నీ తిరగబడే ఉండుంటాయి కదా అనిపిస్తోంది. ఎన్ని కొమ్ములు, ఎన్ని ఎత్వాలు!

సిరా గురించి ఒక మాట. గాజు పలక మీద రోలర్ నడిపితే సన్నగా చిటపట శబ్దం రావాలి. జిగటగా లాగుతుంటే సిరా ఎక్కువైనట్టు, సన్న గీతలు పూడిపోతాయి. నా మొదటి నాలుగు ప్రింట్లూ అలాగే పోయాయి.

బాగా వచ్చినవి పది. ప్రింటు కింద పెన్సిల్‌తో అంకె వేస్తారు, పదిలో మూడోదైతే 3/10 అని. పైన అతికించింది అదే, ఎండిపోయింది, ముట్టుకోవచ్చు. గులుతె మాత్రం ఒక్కటే ప్రతి. దాన్ని అవ్వ బియ్యం డబ్బా మీద అంటించుకుంది.