కార్యాలయ నెట్‌వర్కులో పేర్ల చిట్టా



వందలమంది పనిచేసే సంస్థలో ఉద్యోగుల పేర్లు, ఈమెయిల్ చిరునామాలు, పాస్‌వర్డుల వివరాలు, ఎవరు ఏ గుంపుకు చెందినవారన్న సంగతి ఒక్కొక్క కంప్యూటర్లో విడివిడిగా కాక ఒకే చిట్టాలో ఉంచి, అడిగిన ప్రతి యంత్రానికీ జవాబు చెప్పే ఏర్పాటును డైరెక్టరీ సర్వీసు అంటారు. దీన్ని టెలిఫోన్ డైరెక్టరీతో పోల్చడం వాడుకే గాని ఆ పోలిక సగమే నిజం. ఆ పుస్తకం నంబరు చెబుతుంది తప్ప, వచ్చినవారు ఎవరో తేల్చదు.

1988 నాటి ఎక్స్.500 ప్రమాణాలు బరువైనవి కావడంతో, 1990ల తొలినాళ్లలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో వాటికి తేలిక రూపంగా ఎల్‌డ్యాప్ అనే ప్రోటోకాల్, అంటే యంత్రాలు ప్రశ్నలూ జవాబులూ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి, రూపొందింది. విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ, ఉచితంగా దొరికే ఓపెన్‌ఎల్‌డ్యాప్ రెండింటికీ ఇదే భాష.

ఉదయం గుమాస్తా బల్లమీది కంప్యూటర్లో పేరు, పాస్‌వర్డు కొట్టగానే, యాక్టివ్ డైరెక్టరీలో కెర్బెరోస్ అనే పద్ధతి పాస్‌వర్డును తీగమీద పంపకుండానే మనిషిని పోల్చుకొని, గడువుగల టికెట్టు ఇస్తుంది. తిరుపతిలో తీసుకున్న దర్శనం టోకెన్‌లాగే దీనిమీదా వేళ ఉంటుంది కనుక, కంప్యూటర్ గడియారం సర్వరు గడియారానికి ఐదు నిమిషాలకు మించి తేడా పడితే, సాధారణ అమరికలో పాస్‌వర్డు సరైనదైనా టికెట్టు దక్కదు. కొత్తవారు ఇక్కడ పాస్‌వర్డును అనుమానించి పూటంతా పోగొట్టుకుంటారు.

ఫైల్ సర్వరు, ప్రింటరు, వైఫై కూడా ఈ చిట్టానే నమ్ముకోవచ్చు. ఉద్యోగి రిటైరైన రోజున ఒక్క ఖాతా నిలిపివేస్తే కొత్త లాగిన్‌లన్నీ ఆగుతాయి. అప్పటికే ఇచ్చిన టికెట్లు మాత్రం గడువు తీరేదాకా చెల్లవచ్చు.

నిలిచి గమనించవలసినది చిట్టాలోని పేర్ల అమరిక. అది చెట్టు కొమ్మల్లా సాగుతుంది. పూర్తి పేరు ఇంటి చిరునామాలాగే మనిషితో మొదలై, విభాగం మీదుగా సంస్థ దాకా పోతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శ్రీకాళహస్తి వాసుల చిరునామాలో చిత్తూరు జిల్లా పోయి తిరుపతి జిల్లా వచ్చింది. ఇళ్లూ మనుషులూ ఎక్కడివారక్కడే. అలాగే చిత్తూరు శాఖ కొమ్మలోని ఉద్యోగి పద్దును తిరుపతి కొమ్మకు జరిపితే పూర్తి పేరు మారుతుంది గాని, పద్దు పుట్టినప్పుడు పడిన గుర్తింపు సంఖ్య మారదు. జీతాల సాఫ్ట్‌వేర్‌లో పూర్తి పేరును రాసి పెట్టుకున్నవారికి ఆ నెల ఉద్యోగి కనబడడు; గుర్తింపు సంఖ్యను రాసుకున్నవారికి బదిలీ జరిగిన సంగతే తెలియదు.