రంగూను నగర సందర్శనము

గోదావరి తీరమునందలి పల్లెలలో పూర్వము పెద్దలు రంగూనును ‘రంగ’మని పిలిచెడివారు. ‘వాడు రంగము పోయినాడు’ అను మాట కోనసీమలో వినని వారుండెడివారు కారు. గౌతమి ఆవలి యొడ్డుననున్న కోరంగి యొకప్పుడు పేరుపడిన ఓడరేవు. 1789, 1839 సంవత్సరములలో వచ్చిన ఉప్పెనలకు అది దెబ్బతినినను, దాని పేరు మాత్రము సముద్రము దాటిపోయెను. బర్మా దేశమున తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలుచుట వాడుకయయ్యెను. తరువాత కాకినాడనుండి పొగయోడలు నడచినవి. రంగూను బియ్యపు మిల్లులలోను, రేవులోను పనిచేయుటకు వేలకొలది జనులు ఆ యోడలెక్కిరి. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి ఆ నగరవాసులలో సగమునకు పైగా భారతీయులే.

2018వ సంవత్సరము డిసెంబరు నెలలో కాట్రేనికోననుండి ఒక కుటుంబము ఆ నగరమును చూచుటకు బయలుదేరెను. తాతగారు, వారి కుమారుడు, కోడలు, మనుమడు, మనుమరాలు, మొత్తము ఐదుగురు. పిల్లలకు సింగపూరు చూడవలెనని యుండెను.

“రంగూనులో ఏమున్నది తాతయ్యా?” అని మనుమడు అడిగెను.

“మా నాయన యున్నాడు” అని తాతగారు బదులు చెప్పిరి.

తాతగారు రెండేండ్ల బిడ్డగా నున్నప్పుడు, 1940లో, వారి తండ్రి రేవుపనికై రంగూను పోయెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు ఆ నగరముపై బాంబులు కురిపించిరి. లక్షలకొలది భారతీయులు ఇల్లువాకిళ్ళు విడిచి, అడవులు, కొండలు దాటి స్వదేశమునకు తరలివచ్చిరి. ఆకలిచేతను, రోగములచేతను త్రోవలోనే కన్నుమూసినవారు వేలసంఖ్యలో నుండిరి. ఆ తండ్రి నగరములోనే పోయెనో, నడుమ దారిలో పోయెనో ఇంటికి కబురు రాలేదు. మరణతిథి తెలియకపోవుటచే ఆ యింటివారు ఏటేట మహాలయ అమావాస్యనాడు తర్పణము విడుచుచుండిరి.

వారు రాజమహేంద్రవరమున రైలెక్కి హౌరా చేరి, కలకత్తానుండి విమానమున సుమారు రెండు గంటలలో రంగూను చేరిరి. అక్కడ దిగగానే గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పుకొనిరి. ఆ నగరమునకు 1989లో యాంగోన్ అని పేరు మార్చిరి. 1852లో ఆంగ్లేయులు పట్టుకొన్న పిదప వేసిన వీధులు నగరమధ్యమున నేటికిని చదరంగపు గళ్ళవలె నుండును. స్త్రీలు, పిల్లలు ఒక చెట్టు బెరడును సానమీద అరగదీసి చెక్కిళ్ళకు పూసికొందురు. దాని పేరు తనఖా. మన గంధమువలెనే ఉన్నదని కోడలు ముచ్చటపడెను. ఉదయపు ఫలాహారమైన మొహింగాలో అరటిదూట ముక్కలను చూచి అందరును నవ్వుకొనిరి. కోనసీమవారికి అంతకంటె పరిచితమైన వస్తువేమున్నది!

ష్వెడగాన్ స్తూపము నగరమునకు తలమానికము. సింగుత్తర మను గుట్టపై సుమారు 99 మీటర్ల యెత్తున బంగారు రేకులతో మెరయుచుండును. బుద్ధుని కేశములు ఎనిమిది అందులో నిక్షిప్తములై యున్నవని బౌద్ధుల విశ్వాసము. స్తూపము చుట్టును ఎనిమిది దిక్కుల ఎనిమిది స్థానములు కలవు. ఎవరు పుట్టిన వారమునుబట్టి వారు ఆ దిక్కున నిలిచి బుద్ధవిగ్రహమునకు నీరు పోయుదురు. వారములు ఏడే కదా, ఎనిమిది స్థానము లెట్లని మనుమరాలు సందేహించెను. బుధవారమును పూర్వాహ్ణము, అపరాహ్ణము అని రెండుగా భాగించిరి. మొదటిదానికి గుర్తు దంతములుగల ఏనుగు. రెండవదానికి దంతములులేని ఏనుగు. ఆ బాలిక బుధవారము మధ్యాహ్నము మూడు గంటలకు పుట్టినదని తల్లి జ్ఞప్తికి తెచ్చుకొనగా, వాయవ్యదిశకు పోయి నీరు పోసెను. పంచాంగము చూచుకొను మనవారికి ఈ యాచారము వింతగా తోచదు.

అక్కడికి సమీపముననే బహదూర్‌షా జఫర్ సమాధి యున్నది. 1857నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట ఆంగ్లేయులు ఆ కడపటి మొగలాయి చక్రవర్తిని రంగూనుకు పంపివేసిరి. 1862 నవంబరు 7వ తేదీన ఆయన మరణింపగా, ఆనవాలు తెలియకుండ పాతిపెట్టిరి. 1991లో నేల త్రవ్వుచుండగా అసలు సమాధి బయటపడెను. ఈ సంగతి విని తాతగారు చాలసేపు అచ్చటనే కూర్చుండిరి. “చక్రవర్తి సమాధికే నూటయిరువది తొమ్మిదేండ్లు పట్టినది. బస్తాలు మోసినవాని జాడ యెవరు చెప్పగలరు?” అనిరి.

మరునాడు పిల్లలను బజారునకు పంపుదమని కుమారుడు తలచెను గాని, తాతగారు అందరిని రేవునకు తీసికొనిపోయిరి. 1930 మే నెలలో ఈ రేవునందే తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే వారిని తొలగించిరి. పని పోయినవారికిని, పనికి వచ్చినవారికిని ఘోరమైన కొట్లాట జరిగి తెలుగువారనేకులు చనిపోయిరి. పేదలు పేదలతో పోరాడిరి. ఓడల యజమానులకు ఒక్క దెబ్బయు తగులలేదు. 1960 తరువాత వ్యాపారములను ప్రభుత్వము స్వాధీనము చేసికొనుటచే లక్షలకొలది భారతీయులు తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట వారివలన వెలసినదే. కొందరు మాత్రము అక్కడనే నిలిచిపోయిరి.

ఆవలి యొడ్డునకు పోవు లాంచీలు నిలుచు చోట తాతగారు నీటిలోనికి దిగి, తండ్రి పేరు చెప్పి మూడు దోసిళ్ళ నీరు విడిచిరి. గట్టుమీద టీ అమ్ముచున్న ఒక ముసలమ్మ ఆ మాట విని లేచి వచ్చి, “నాయనా! మీ దే యూరు?” అని తెలుగున అడిగెను. ఆమె తాత కాకినాడలో ఓడ యెక్కి వచ్చినవాడు. ఆమె పుట్టినది రంగూనులోనే. భారతదేశము ఎన్నడును చూడలేదు. తెలుగు మాటలాడును గాని చదువ నేరదు. ఎంత చెప్పినను ఆమె టీకి డబ్బు పుచ్చుకొనలేదు.

మనుమరాలు తన పుస్తకమునుండి ఒక కాగితము చించి, ఆమె పేరును పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి యిచ్చెను. ముసలమ్మ దానిని తిరుగవేసి, మరల సరిగా పట్టుకొని, “ఇది నేనేనా?” అని అడిగెను. పిమ్మట, “దీని క్రింద మా తాత పేరు గూడ వ్రాయుము తల్లీ” అని కాగితము చేతికిచ్చెను. బాలిక వ్రాసెను. లాంచీ వచ్చువరకు ముసలమ్మ ఆ రెండు పేర్లను వ్రేలితో దిద్దుచునే యుండెను.