పాత బొమ్మ, కొత్త అచ్చు

సచిన్‌లో పనిచేస్తున్నానంటే తెలుగువాళ్ళు ముందు క్రికెట్ మాట్లాడతారు. ఈ సచిన్ సూరత్‌కు దక్షిణాన ఉన్న ఊరు. ఒకప్పుడు సిద్దీ నవాబుల చిన్న సంస్థానం, ఇప్పుడు మగ్గాలు, అద్దకం మిల్లులు నిండిన పారిశ్రామిక వాడ. సూరత్ ప్రత్యేక ఆర్థిక మండలి కూడా ఇక్కడే ఉంది. అందులో వజ్రాల పని ఎక్కువ. గనిలోంచి తీసిన వజ్రమూ, ల్యాబ్‌లో పెంచిన వజ్రమూ రెండూ వజ్రాలే. మామూలు కంటికి తేడా దొరకదు. ధరలో మాత్రం ఎంతో దూరం. కొనేవాడు రాయికి ఎంత ఇస్తున్నాడో, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న నమ్మకానికీ అంత ఇస్తున్నాడు.

పాత బొమ్మల బజారు కూడా ఈ నమ్మకం మీదే నడుస్తుంది. ఆన్‌లైన్‌లో పాత బొమ్మ కార్లు, తగరపు బొమ్మలు కొని దాచుకునేవాళ్ళు మన బ్యాంకు కుటుంబాల్లోనూ ఉన్నారు. కొందరు సరదాకి, కొందరు రేపటికి ధర పెరుగుతుందని. ఈ వ్యాసం ముఖ్యంగా రెండో రకం వాళ్ళకి.

ముందు ఒక తేడా చూడాలి. అచ్చు హక్కు ఉన్న కంపెనీయే మళ్ళీ విడుదల చేస్తే అది రీఇష్యూ. హక్కు లేనివాడు అసలు పేరుతో చేసి అమ్మితే నకిలీ. రీఇష్యూను పాతదని చెప్పి అంటగడితే, వస్తువు మంచిదే, అమ్మకం మోసం. ఎక్కువమంది దెబ్బతినేది ఈ మూడో చోటే.

మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ 1934 నుంచి డింకీ టాయ్స్ పేరుతో చిన్న లోహపు కార్లు అమ్మింది. 1960ల చివర, వాళ్ళు పక్కన పెట్టిన పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. ఎస్. కుమార్ అండ్ కంపెనీ వాటితో కార్లు పోసి నిక్కీ టాయ్స్ పేరుతో అమ్మింది. అడుగు రేకు మీద డింకీ అన్న చోట నిక్కీ అని మార్చారు. పోత కాస్త ముతక, రంగు కాస్త మందం. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. ఇవాళ ఆ ముతక నిక్కీ కార్లనే ప్రత్యేకంగా వెతికి కొనేవాళ్ళు విదేశాల్లో ఉన్నారు. అసలుకి అది పోటీ కాలేదు, తానే ఇంకో అసలు అయింది. కారణం సులువు. పేరు వేరు, ఊరు వేరు, ఆ సంగతి అడుగు రేకు మీదే ఉంది.

తర్వాత డింకీ పేరు మాటెల్ చేతికి వచ్చింది. ఆ కంపెనీ అనుమతితో ఫ్రాన్స్‌కు చెందిన అట్లాస్ ఎడిషన్స్ పాత నమూనాలను చైనాలో తయారుచేయించి, పాత డబ్బాలను కూడా అచ్చంగా దింపి అమ్మింది. దీనివల్ల ధరలు అన్నీ ఒకే తీరుగా పడతాయనుకోవద్దు. అల్మరాలో అందంగా కనబడితే చాలనుకునేవాడు కొత్తది కొని ఊరుకుంటాడు. అందువల్ల పెచ్చులూడిన, డబ్బా లేని మధ్యరకం పాత కారుకి గిరాకీ తగ్గుతుంది. డబ్బాతో, మొదటి రంగుతో, కొన్న రసీదుతో సహా ఉన్నదాన్ని కొనేవాడు వేరే మనిషి. అతను కొత్తదాని వైపు చూడడు.

అసలు ప్రమాదం గుర్తుపట్టలేనప్పుడే. నిరుడు మా సహోద్యోగి ఒకరు కాజీపేటలో రిటైరైన తండ్రి డెబ్భయ్యో పుట్టినరోజుకని, ఆయన చిన్నప్పుడు కొనుక్కోలేకపోయిన కారు ఆన్‌లైన్‌లో తొమ్మిది వేలకు కొన్నారు. అడుగున తయారైన దేశం పేరు ఉండాల్సిన చోట సన్నగా అరగదీసి రంగు పూసి ఉంది. పెద్దాయనకి కారు నచ్చింది, అది వేరే మాట. తిరిగి అమ్మబోతే రెండు వేలు కూడా ఎవరూ ఇవ్వలేదు.

లెక్క వేసి చూడండి. అసలు బొమ్మ పదివేలు, నకలు వెయ్యి, బజారులో సగం సగం ఉన్నాయనుకుందాం. తేడా తెలియనివాడు సగటున ఐదు వేల ఐదు వందలు మించి ఇవ్వడు. ఆ ధరకి అసలు ఉన్నవాడు అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. బజారులో నకళ్ళ వాటా ఇంకా పెరుగుతుంది, కొనేవాడు ఇంకా తగ్గించి అడుగుతాడు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద రాసింది ఇదే. 2001 నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. నకిలీ చేసేవాడు కొన్నవాడి జేబునే కాదు, నిజమైనది దాచుకున్నవాడి ఆస్తినీ తగ్గిస్తున్నాడు. బంగారు రుణానికి మనకి గీటురాయి పట్టుకుని అప్రైజర్ కూర్చుంటాడు. దొంగనోటు వస్తే ముద్ర వేసి పట్టుకుంటాం, ఒకేసారి ఐదు వస్తే పోలీసులకి ఫిర్యాదు వెళ్తుంది. బొమ్మలకి అలాంటి కౌంటర్ లేదు.

కాబట్టి చూపు మనదే. ముందు కారు తిరగేసి రివెట్లు చూడండి. డ్రిల్లు చేసి మళ్ళీ బిగించిన గుర్తులుంటే దాన్ని విప్పి రంగు వేశారన్నమాట. రంగు మందంగా ఉంటే తలుపు గీతలు, అక్షరాలు మొద్దుబారతాయి. యుద్ధానికి ముందు కాలపు పోతల్లో సీసం కలిసిన జింక్ వాడటంతో చాలా వాటికి పగుళ్ళు వచ్చాయి. 1930ల నాటిదని చెప్పిన కారు నిన్న పోసినట్టు నున్నగా ఉంటే సంతోషించే ముందు ఇంకోసారి అడగాలి.

డబ్బాకి మన క్యాష్ కౌంటర్ విద్యే పనికొస్తుంది. యూవీ దీపం కింద మంచి నోటు కాగితం మసకగా ఉంటుంది, మామూలు తెల్ల కాగితం నీలంగా వెలుగుతుంది. ఆ వెలుగు తెల్లదనం కోసం కలిపే రసాయనానిది. కాగితాల్లో అది బాగా వ్యాపించింది 1950 తర్వాతే. 1930ల డబ్బా అలా వెలిగితే అనుమానించాలి. 1960ల డబ్బా వెలిగితే మాత్రం ఏమీ తేలదు. (బ్రాంచి దీపం ఇంటికి తీసుకెళ్ళకండి, చిన్న టార్చీలు బజారులో దొరుకుతాయి.)

విదేశీ కార్లు లేకపోయినా, చాలా ఇళ్ళలో అమ్మమ్మల నాటి కొలువు బొమ్మల పెట్టె ఉంటుంది. కొండపల్లి బొమ్మ నిన్న చేసినా నకిలీ కాదు. తెల్ల పొణికి చెక్కతో అదే ఊళ్ళో, అదే పద్ధతిలో చేస్తున్నారు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నకిలీ అంటే అచ్చులో పోసి ఆ పేరు పెట్టింది. చేతిలో పట్టుకుంటే బరువు చెబుతుంది. పొణికి తేలిక. అచ్చుబొమ్మకి పక్కన సన్నటి అతుకు గీత ఉంటుంది, పది బొమ్మలకీ ఒకటే ముఖం. చేతిబొమ్మలో చేయి, తల విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పాతదాంట్లో ఆ మక్కు పగిలి కనబడుతుంది.

పండగ దగ్గర పడుతోందని ఆ పాత బొమ్మలకి ఎనామెల్ రంగు వేయించకండి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక చీటీ రాసి పెట్టెలో వేయండి. పాత ఫొటోలో ఆ బొమ్మ కనబడితే దాని నకలు కూడా జత చేయండి. నూరేళ్ళు దాటిన కళావస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపే ముందు పురావస్తు శాఖను సంప్రదించండి.