పన్నెండేళ్లు నిలిచిన ఇంజన్‌ను కదిలించడం

నాలుగు స్ట్రోకుల ఇంజన్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మన హాస్టల్‌లో చాలామందిమే. ఆ బొమ్మ ఎంతవరకు పనికొస్తుందో మాకు పోయిన వేసవిలో అడిక్‌మెట్‌లో ఒక రేకుల షెడ్డు కింద తెలిసింది.

షెడ్డులో ఉన్నది మా మేనమామ పాత పెట్రోల్ అంబాసిడర్. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవారు. మమ్మల్ని ఐదో తరగతిలో రేకు పెట్టెతో సహా హాస్టల్‌లో దించిందీ అందులోనే. చూపు తగ్గి 2013లో ఆపేశారు. ఇప్పుడు కొనడానికి వచ్చినాయన, ఇంజన్ తిరిగితే కారు ధర, తిరగకపోతే ఇనుము ధర అన్నాడు. ఆ తేడా మా చెల్లెలి నర్సింగ్ ఫీజు.

1950ల చివర నుంచి 2014 వరకు ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్లు తయారుచేసింది. మామ బండిలో ఉన్నది బ్రిటన్‌లో పుట్టిన 1489 సి.సి. ఇంజన్. మేము కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టబోతుంటే ఉస్తాద్ చేయి పట్టుకుని ఆపారు. "జోర్ నక్కో బేటా, సబర్ కరో" అన్నారు.

కారణం ఇది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక వాల్వ్ తెరిచే ఉంటుంది. అందులోంచి ప్రతి వానాకాలం తేమ లోపలికి పోతుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పే కదా. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుపోతాయి. అప్పుడు సెల్ఫ్ బలంతో తిప్పితే రింగులు విరుగుతాయి, గోడ గీరుకుపోతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్‌కైనా, మా మామ బండికైనా ఈ సూత్రం ఒకటే.

ప్లగ్గులు విప్పితే మూడోది ఎర్రగా ఉంది. ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి గుడ్డ కప్పాం. రోజూ పొద్దున కొంచెం పోయడం, సాయంత్రం న్యూట్రల్‌లో పెట్టి ముందు హ్యాండిల్‌తో మెల్లగా ప్రయత్నించడం. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉండాలి, లేకపోతే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు పోతుంది. నాలుగు రోజులు రాయిలా ఉంది. ఐదో రోజు వేలెడంత కదిలింది! వెంటనే పూర్తిగా తిప్పాలని మా చేతులు లాగాయి, ఉస్తాద్ ఒప్పుకోలేదు. ముందుకు, వెనక్కు అంగుళం అంగుళంగా ఆడిస్తే ఏడో రోజుకి పూర్తి చుట్టు తిరిగింది.

తర్వాత పాత ఆయిల్ దించి కొత్తది పోశాం. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడుతూ, ఆయిల్ లైటు ఆరేదాకా ఆగాం. ట్యాంకులోని పెట్రోల్ జిగురై వార్నిష్ వాసన కొట్టింది, పారబోశాం. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకే పైపులు, పంపు డయాఫ్రం కొత్తవి వేశాం. కార్బురేటర్ కడిగి, పాయింట్లు సన్న ఎమరీతో రుద్ది 15 థౌ గ్యాప్ పెట్టాం. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుక కాపురం ఉంది.

స్టార్ట్ చేస్తే కార్బురేటర్‌లోంచి టపటపా పేలింది. తప్పు మాదే. ప్లగ్ వైర్లు 1-2-3-4 వరసలో తగిలించాం. ఈ ఇంజన్ వరస 1-3-4-2. పుస్తకంలో బట్టీ పట్టిందే, చేతికి రాలేదు! మార్చాక దగ్గి, తెల్లటి పొగ కక్కి, నిలబడి తిరిగింది. పొగ లోపల పోసిన ఆయిల్‌దే. షెడ్డు తలుపులు తెరిచి, ఇసుక బకెట్ పక్కన పెట్టుకునే ఇదంతా చేశాం. బ్రేకులు ఇంకా పట్టేసే ఉన్నాయి, అందుకని బండి బయటికి తీయలేదు.

కొనేవాడు వచ్చి విన్నాడు, బేరం ఇంకా తెగలేదు. మామ రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి లోపల కూర్చునేవారు. అలా చేస్తే ఇంజన్ వేడెక్కదు, ఆయిల్‌లో నీరు చేరుతుందని ఉస్తాద్ కోప్పడ్డారు. ఇప్పుడు వారానికోసారి అరగంట కూర్చుంటున్నారు.