ముక్కు దానిది, చెయ్యి నీది

తెనాలి,
జనవరి 7.

చి. బుజ్జమ్మకు బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. "మా పండుకి అసలు ముక్కే లేదేమో బాబాయ్, మూడు వారాలైనా జాడ పట్టుకుని నాలుగడుగులు తిన్నగా పోవడం లేదు" అని రాశావు. మొదటి రెండుసార్లూ నేను కుక్కనే చూశాను. మూడోసారి నీ చెయ్యి చూశాను. పండు తల దించి ఒకచోట ఆగిన ప్రతిసారీ నీ చేతిలో లైను తాడు బిగుసుకుంటోంది. పండు ముక్కు భేషుగ్గా ఉంది. దిద్దుకోవలసింది నీ చెయ్యి. కోప్పడకు, ఇరవై ఏళ్లు డాగ్ స్క్వాడ్‌లో చేసిన నాకూ ఆ చెయ్యే ఉండేది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు జాడ అంటే ఏమిటో తెలుసుకో. మనిషి నడిచినచోట గడ్డి నలుగుతుంది. మట్టి పెళ్ల కదిలి లోపలి తేమ బయటికొస్తుంది. ఒంటి మీంచి కంటికి కనపడని చర్మపు పొట్టు రాలుతుంది. ఇవన్నీ కలిసిన వాసనే జాడ. వాసన పట్టే గ్రాహకాలు మన ముక్కులో 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో 30 కోట్ల దాకా ఉంటాయని లెక్క. కళ్లు తెరవకముందే పండు వాసనతో తల్లి పొదుగు వెతుక్కుంది. దానికి వాసన చూడటం మనం నేర్పడమేమిటి? పొలంలో ఉన్న వెయ్యి వాసనల్లో మనకు కావలసింది ఇదీ, దీని వెంట పోతే తిండి దొరుకుతుంది అన్న ఒక్క సంగతి మాత్రం నువ్వు చెప్పాలి.

దానికి మాటలు పనికిరావు. కోడి కార్జం పనికొస్తుంది. ఉప్పు, కారం, ఉల్లిపాయ ఏమీ వేయకుండా ఉడికించి, వేలిగోరంత ముక్కలు చెయ్యి. పండు పొద్దుటి తిండి తినకముందే బయల్దేరు. కడుపు నిండిన కుక్క పాఠం వినదు.

స్థలం సంగతి. మీ చెరువు వెనక పచ్చిక బీడు ఉంది కదా, అది చాలు. వరి కోసిన చేలో కొయ్యకాళ్ల మధ్య కూడా బాగుంటుంది గానీ, ఈ రోజుల్లో చాలామంది మినుము చల్లి ఉంటారు. మొలక తొక్కితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఎవరినైనా అడిగి వెళ్లు, ఈ మధ్య మందు కొట్టారా అని కూడా అడుగు. పొద్దున్నే మంచు తడి ఆరకముందు వెళ్లు. తేమ నేలలో వాసన నిలుస్తుంది. ఎండెక్కితే నేల ఆరిపోతుంది, కుక్క నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పే కుక్క సరిగ్గా వాసన చూడలేదు.

ఇక జాడ వెయ్యడం. పండుని దూరంగా చెట్టుకి కట్టెయ్యి. గాలి నీ వీపుకి తగిలేలా నిలబడు. ఎదురుగాలైతే ముందున్న కార్జం వాసన గాలిలో తేలి వస్తుంది, కుక్క తల ఎత్తి గాలి పట్టుకుని పరిగెడుతుంది. నేల మీద పని నేర్చుకోదు. నీ వీడియోలో పండు తల ఎత్తి గుండ్రంగా తిరగడానికి సగం కారణం అదే, వెనక రెల్లుగడ్డి ఎటు వంగిందో చూశాను.

నిలబడ్డచోట ఎడమ పక్కన ఒక పుల్ల గుచ్చు. అక్కడ గజం మేర నేలని బాగా తొక్కి, నాలుగైదు ముక్కలు చల్లు. అక్కణ్ణుంచి ఎదురుగా ఉన్న చెట్టునో కరెంటు స్తంభాన్నో గురి పెట్టుకుని, చిన్న అడుగులు వేస్తూ తిన్నగా నడువు. ప్రతి అడుగులోనూ మడమ నొక్కినచోట ఒక ముక్క పెట్టు. మొదటి రోజు ఇరవై అడుగులు చాలు. చివర గుప్పెడు ముక్కలు పెట్టి, అక్కణ్ణుంచి ఒక్క గంతు వేసి పక్కకి తప్పుకుని దూరంగా చుట్టి రా. వచ్చిన దారినే అడ్డదిడ్డంగా తొక్కుకుంటూ వస్తే పాఠం పుస్తకం మీద సిరా ఒలకబోసినట్టే.

లైను మెడ పట్టీకి కట్టకు, ఛాతీ మీదుగా వేసే హార్నెస్‌కి కట్టు. ఆ హార్నెస్ ఈ పనికి తప్ప మామూలు నడకకి వాడకు. అది ఒంటి మీద పడగానే పనిలోకి దిగుతున్నామని దానికే తెలిసిపోతుంది. పుల్ల దగ్గరికి తీసుకెళ్లి, తొక్కినచోట నేల చూపించి, "వెతుకు" అని ఒక్కసారి అను. ఆ తర్వాత నోరు మూసుకో. మొదట్లో రెండు మూడు అడుగుల వెనకే నడువు, తర్వాత తర్వాత లైను పెంచుకుంటూ పోవచ్చు. ముక్క వదిలేసి ముందుకి ఉరికితే నువ్వు నిలబడిపో, అంతే. అది వెనక్కి వచ్చి తల దించేదాకా కదలకు. "ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపించడం నీ వీడియోలో పదకొండుసార్లు లెక్కపెట్టాను. అలా చూపిస్తే పండు నీ వేలి వెంట పడటం నేర్చుకుంటుంది.

ఇక నువ్వు లాగుతున్న క్షణం గురించి చెప్పాలి. 1993లో నార్వే పరిశోధకులు నాలుగు జర్మన్ షెపర్డ్‌లకి పని పెట్టారు. జాడకి అడ్డంగా తీసుకెళ్లి, మనిషి ఎటు నడిచాడో కనిపెట్టమన్నారు. కుక్కలు ముందు గబగబా వెతికాయి. జాడ తగలగానే నెమ్మదించి, మూడు నుంచి ఐదు సెకన్లు, రెండు నుంచి ఐదు అడుగుజాడలు మాత్రమే వాసన చూసి, దిక్కు తేల్చుకుని సాగిపోయాయి. సెకనుకి ఆరుసార్లు చొప్పున ముక్కు ఎగబీల్చాయట. చూసేవాళ్లకి మాత్రం ఆ కాసేపు కుక్క ఆగిపోయినట్టు, దారి తప్పినట్టు ఉంటుంది. నీ చేతికి ఓపిక తప్పుతున్నది సరిగ్గా అప్పుడే. అది లెక్క కట్టుకుంటున్నప్పుడు నువ్వు పలక లాక్కుంటున్నావు.

ఇప్పుడు నా సంగతి. స్క్వాడ్‌లో చేరిన రెండో ఏడు. ఒక ఊళ్లో రైసు మిల్లులో డబ్బు పెట్టె పోయింది. నేను జీపు దిగేసరికే ఊరంతా పాలేరు పేరు చెబుతోంది. వెనక గోడ దగ్గర వాసన చూపించి వదిలాను. నా డాబర్‌మన్ కాలవ గట్టు వైపు తిరిగింది. అటేముందిలే అని నేను నిలబడిపోయాను, లైను బిగిసింది. మళ్లీ అటే తిరిగింది, మళ్లీ నిలబడ్డాను. మూడోసారి అది నా ముఖం చూసి ఊళ్లోకి నడిచింది. పాలేరు గుమ్మం ముందు కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ మనిషి పెళ్లాం పిల్లల ముందు తల దించుకుని నిలబడ్డాడు. నాలుగు రోజులకి అసలు దొంగ దొరికాడు. కాలవ గట్టున సైకిలు ఆనించి ఉంచి, దాని మీదే వెళ్లిపోయాడట. నేను వెళ్లి ఆ పాలేరుకి క్షమాపణ చెప్పుకున్నాను. "నోరు లేని జీవం, దానికేం తెలుసు బాబూ" అన్నాడు. దానికి తెలుసు. రెండుసార్లు చెప్పింది కూడా.

చాలా ఏళ్ల తర్వాత, 2011లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో చేసిన ఒక పరీక్ష గురించి చదివాను. కుక్కల్ని నడిపించే పద్దెనిమిది మంది హ్యాండ్లర్లని వాళ్ల కుక్కలతో ఒక చర్చిలోకి పంపారు. లోపల మందుగుండు గానీ మత్తుమందు గానీ ఏమీ లేవు. ఎర్ర కాగితం అంటించినచోట సరుకు ఉందని మాత్రం హ్యాండ్లర్లకి చెప్పారు. ఆ కాగితాల దగ్గరే ఎక్కువసార్లు కుక్కలు పట్టేశాయని వాళ్లు చెప్పారు. చదువుతుంటే నాకు పాలేరు గుమ్మం కళ్లముందు మెదిలింది. ఆ రోజు నా బుర్రలో ఉన్నది లైను మీదుగా కుక్కకి చేరిపోయింది.

అందుకే చెబుతున్నాను, లైను వదులుగా పట్టుకోవడం ఇప్పుడే, ఇరవై అడుగుల జాడలోనే అలవాటు చేసుకో. తర్వాతవి వాటంతటవే వస్తాయి. తిన్నని జాడ తడబడకుండా పోతుంటే అడుగులు యాభై చెయ్యి, వంద చెయ్యి. ముక్కలు రెండడుగులకొకటి, ఐదడుగులకొకటి చెయ్యి. జాడ వేసిన వెంటనే కాకుండా పది నిమిషాలు ఆగి వదులు. మలుపు మొదట విల్లులా వంపుగా వెయ్యి, తర్వాత మూలగా. మలుపు తిరిగాక నాలుగైదు అడుగుల్లో ముక్కలు దట్టంగా పెట్టు. అది మలుపు దాటి ముందుకి పోయి తికమక పడితే, నువ్వు రాయిలా నిలబడు. తిరిగి వచ్చి తనే పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న క్షణంలో తోక చూడు, నీకే తెలుస్తుంది.

తొందరపడకు. ఐజీపీ అనే అంతర్జాతీయ పోటీలో మొదటి మెట్టుకి కావలసింది, యజమానే వేసిన 300 అడుగుల జాడ, అదీ 20 నిమిషాల పాతది. మూడో మెట్టుకి కొత్త మనిషి వేసిన 600 అడుగుల జాడ, గంట పాతది. అక్కడికి పోవడానికి నెలలూ ఏళ్లూ పడతాయి. పండుకి ఇంకా ఏడు నెలలే. రోజుకి రెండు జాడలు చాలు. ఇంకొకటి కావాలని అది గెంతుతున్నప్పుడే ఇంటికి తీసుకొచ్చెయ్యి. వచ్చాక నీళ్లు పెట్టు, నాలుగు కాళ్లూ పైకెత్తి వేళ్ల సందుల్లో పల్లేరుకాయలున్నాయేమో చూడు. ఒక్క ముల్లు చాలు, రేపు దానికి పొలమంటేనే విసుగు పుట్టడానికి.

వచ్చే ఆదివారం మళ్లీ వీడియో పంపు. ఈసారి తీసేటప్పుడు ఫోను పండు మీద పెట్టొద్దని తమ్ముడికి చెప్పు. నీ చెయ్యి కనపడాలి.

ఇట్లు,
మీ బాబాయి.