క్వాంటము గణనయంత్రము

గత వేసవి సెలవులకు ముందు కొల్లేటి లంకగ్రామమునుండి యొక విద్యార్థి తండ్రి మా గదికి వచ్చి, "అయ్యా! అమరావతిలో క్వాంటము కంప్యూటరును పెట్టుదురట. ఆరు వారములలో ఆ విద్య నేర్పెదమని యెవరో మా వానికి వర్తమాన మంపిరి. చెరువు కౌలునకు దాచిన సొమ్ము దానికి కట్టవచ్చునా?" యని యడిగెను. వెంటనే బదులు చెప్పజాలక వారము దినములు గడువు కోరితిమి. ఆ వారములో మేము చదివి గ్రహించిన దానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

వార్త యబద్ధము కాదు. 2023 ఏప్రిలులో భారత ప్రభుత్వము జాతీయ క్వాంటము మిషనను పేర 6,003 కోట్ల రూపాయల ప్రణాళిక నామోదించెను. 2025 మే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వమును, ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలును గలిసి, 156 క్యూబిట్ల యంత్రమును అమరావతిలో నెలకొల్పనున్నట్లు ప్రకటించిరి. ఈ క్యూబిట్టన నేమో తెలిసిన గాని తక్కిన దేదియు బోధపడదు.

మనము వాడు కంప్యూటరు నందలి బిట్టు దీపపు మీట వంటిది. వెలుగుటయో, ఆరుటయో, అనగా 1 యో, 0 యో, ఏదో యొకటియే చూపును. క్యూబిట్టట్లు కాదు. అది పరమాణు లోకపు నియమముల ననుసరించునది యగుటచే, మనము కొలుచువరకు 0, 1 అను రెంటి మిశ్రమస్థితిలో నుండగలదు. కొలిచిన తోడనే రెంటిలో నొకటియే మిగులును. పది క్యూబిట్ల స్థితిని వర్ణించుటకు 1,024 సంఖ్యలు కావలెను, ఇరువదింటికి 10,48,576. 156 క్యూబిట్లకు ఎన్ని సంఖ్యలు కావలెనో వ్రాయబూనినచో, ఆ లెక్కకే 47 అంకెలు పట్టును.

ఇది విని పలువురు, ఈ యంత్రము సమాధానముల నన్నింటిని ఒకేసారి చూచి సరియైనది చెప్పునందురు. ఇది పొరపాటు. కొలిచినప్పుడు మనకు దక్కునవి 156 అంకెలే. అవియు, ఉపాయము లేనిచో, చీట్లు తీసినట్లు వచ్చును. ఆ యుపాయ మెట్టిదో చెప్పెదము. కొల్లేటిలో రెండు తాటిదోనెలు ఎదురెదురుగా పోవునపుడు వాని యలలు కలిసికొనుట మీరు చూచియుందురు. శిఖరముతో శిఖరము కలిసినచోట నీరు మిక్కిలి లేచును. శిఖరముతో పల్లము కలిసినచోట కదలనట్లే యుండును. క్యూబిట్ల స్థితులకును ఇట్టి తరంగస్వభావము కలదు. తప్పు సమాధానముల యలలు ఒండొంటిని చెరుపుకొనునట్లును, సరియైనదాని యల పెరుగునట్లును గణనమును కూర్చుటయే యీ శాస్త్రమందలి నేర్పు.

అట్టి కూర్పులు కొలదిగనే దొరికినవి. 1994 లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడదీయు మార్గమును, 1996 లో లవ్ గ్రోవర్ వెదకు మార్గమును కనుగొనిరి. క్రమము లేని పదిలక్షల చీట్లలో నొకదానిని వెదకుటకు సగటున అయిదు లక్షలు విప్పవలసియుండగా, గ్రోవరు మార్గమున వేయికి లోపు సార్లు చాలును. షోరు మార్గము బ్యాంకుల రహస్యలిపికి ముప్పు తేగలదు. కాని యంత్రములు చేయు తప్పులు దాని కడ్డుపడుచున్నవి.

తప్పులేల వచ్చును? ఐ.బి.ఎం. యంత్రములలో క్యూబిట్లు విద్యున్నిరోధము నశించిన లోహపు వలయములు. మైనస్ 273 డిగ్రీల సెంటిగ్రేడు చేరువకు చల్లార్చిన గాని యవి పనిచేయవు. ఇట్టి వలయములందు క్వాంటము ధర్మములను చూపిన క్లార్కు, డెవొరే, మార్టినిస్ అను మువ్వురకు 2025 లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. కొంచెము వేడిమి సోకినను మిశ్రమస్థితి చెడి లెక్క తప్పును. గాలి వీచు దినమున కొల్లేటిలో దోనెల యలలను గుర్తింపజాలము గదా!

ఈ శాస్త్రముతో మన ప్రాంతపు సంబంధము క్రొత్తది కాదు. సూరి భగవంతముగారు 1909 లో ఆగిరిపల్లిలో జన్మించిరి. ఆ యూరు 2022 నుండి ఏలూరు జిల్లాలోనిది. వారు కలకత్తాలో రామనుగారి యొద్ద పరిశోధన చేయుచు, పదార్థములచే చెదరిన కాంతిని పరీక్షించి, కాంతికణమునకు ఆత్మభ్రమణము కలదనుటకు 1931 లో గురువుగారితో కలిసి ప్రయోగపూర్వకమైన నిదర్శనమును ప్రకటించిరి. ఆ భ్రమణము కాంతి పోవు దిక్కున కనుకూలముగనో, ప్రతికూలముగనో, రెండే విధములుగ కొలతకు దొరకును. రెండే విధములు! 0, 1 లకు సరిపోయినవి. అమరావతికి చెప్పబడిన యంత్రము కాంతితో నడచునది కాదు గాని, కాంతికణములనే క్యూబిట్లుగా వాడు యంత్రములును కలవు. 1931 నాటి కిట్టి యంత్రముల యూహయే లేదు.

ఇక నా తండ్రికి మేమిచ్చిన బదులు. ఈ విద్యకు మూలము మాత్రికలు, సంకీర్ణసంఖ్యలు, సంభావ్యత. ఈ మూడును మన ఇంటర్మీడియెట్ గణితమున నున్నవే. తాడేపల్లిగూడెమున 2015 లో వెలసిన ఎన్.ఐ.టి.లో ప్రవేశించుటకును ఆ గణితమే కావలెను. వ్యాసములు వ్రాసిపెట్టు కృత్రిమ మేధ సాధారణ కంప్యూటర్లపైననే నడచుచున్నది. రెంటిని ముడివేసి యమ్ముటకు వచ్చువారిని, ముందుగా నొక మాత్రికను గుణించి చూపుమని యడుగుడని చెప్పితిమి.

కౌలు సొమ్ము కౌలునకే పోయినది. ఆ బాలుడు సాయంకాలములందు మా యొద్ద మాత్రికలు నేర్చుచున్నాడు. నిన్న రెండు వరుసలను తారుమారు చేసి వ్రాసి, సమాధానము సరిపడకపోగా, మేము చెప్పకమునుపే తానే దిద్దుకొనెను.