మందు పేషెంటు దాకా వెళ్లే దారి

అమెరికా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుకు మొదట నేర్పేది ఐదు విషయాలు సరిచూసుకోవడం: మనిషి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం. అప్పజెప్పడం తేలికే. ఎక్కడ ఆగి చూడాలో తెలియడమే పనితనం.

ముందు ఆర్డరు చదవాలి. అలర్జీలు, కిడ్నీల పనితీరు, ఆ పూట బీపీ, షుగరు చూడాలి. బీపీ ఇప్పటికే బాగా పడిపోయి ఉంటే, ఆర్డరులో ఉంది కదా అని బీపీ మాత్ర ఇచ్చేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. 5.0 అని రాస్తే చుక్క కనపడక 50 అవుతుంది, ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. అందుకే ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఈ రెండు రాతల్నీ వద్దంది.

తర్వాత మందుల క్యాబినెట్. కంప్యూటర్‌లో పేరు కొడితే సొరుగు తెరుచుకుంటుంది. 2017 డిసెంబరులో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో స్కానింగ్‌కు భయపడుతున్న పేషెంటుకు ఆందోళన తగ్గించే వెర్సెడ్ ఇవ్వమన్నారు. నర్సు రాడోండా వాట్ క్యాబినెట్‌లో ‘వీ, ఈ’ రెండక్షరాలు కొట్టారు. వెర్సెడ్ బ్రాండ్ పేరు, అసలు పేరు మిడజోలమ్. యంత్రం వెతుకుతున్నది అసలు పేర్లలో. దొరక్కపోయేసరికి మామూలు తనిఖీని దాటవేసే ఓవర్‌రైడ్ నొక్కితే వచ్చింది వెక్యురోనియం. కండరాలను, వాటితోపాటు ఊపిరిని ఆపేసే మందు. వెర్సెడ్ ద్రవం, ఇది నీళ్లు కలపాల్సిన పొడి. మూత మీద పక్షవాతం కలిగించే మందు అన్న హెచ్చరిక ఉంది. ఆ స్కానింగ్ విభాగంలో బార్‌కోడ్ స్కానర్ లేదు. పేషెంటు చనిపోయారు. ఇప్పుడు కనీసం ఐదక్షరాలు కొట్టాకే పేర్లు చూపించాలని ఐఎస్‌ఎంపీ అనే సంస్థ చెబుతోంది. నన్నడిగితే అంతకన్నా ముఖ్యం, లేబుల్‌ను మూడుసార్లు చదవడం: తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, పేషెంటు పక్కన. ఇన్సులిన్, హెపారిన్ లాంటివైతే ఇంకో నర్సు విడిగా లెక్కకట్టి సరిచూడాలి. ‘నీకెంత వచ్చింది?’ అని అడగాలి తప్ప ‘నాలుగు యూనిట్లే కదా?’ అని అందించకూడదు.

ఇక మంచం దగ్గర. గది నంబరు గుర్తింపు కాదు. పేరు, పుట్టినతేదీ పేషెంటే చెప్పాలి. మన పెద్దవాళ్లతో ఇక్కడే చిక్కు. బడిలో వేయించిన తేదీ పాస్‌పోర్టులోకెక్కి ఉంటుంది, ఆయన మాత్రం అసలు తేదీ చెబుతారు. ‘మీరు రావుగారేనా?’ అంటే అర్థమైనా కాకపోయినా తలూపేస్తారు. అందుకే, ‘మీ పూర్తి పేరు చెప్పండి, పాస్‌పోర్టులో తేదీ ఏముందండీ?’ అని అడిగి చేతిపట్టీతో పోల్చాలి. ఆ తర్వాతే స్కానర్. ఈ బార్‌కోడ్ పద్ధతి కాన్సాస్‌లోని టొపీకా వెటరన్స్ ఆసుపత్రి నర్సు స్యూ కినిక్ ఆలోచన. 1992లో అద్దెకారు తిరిగిచ్చేటప్పుడు కారును స్కాన్ చేయడం చూసి ఆమెకు తట్టింది.

ఏ మందో, దేనికో చెప్పి ఇవ్వాలి. ‘మింగలేనమ్మా, నలిపి పెరుగన్నంలో కలిపెయ్’ అంటే మాత్ర ఈఆర్ (ఎక్స్‌టెండెడ్ రిలీజ్) రకమేమో చూడాలి. రోజంతా కొద్దికొద్దిగా వదలాల్సిన మందు నలిపితే ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. దిండు కింద డోలో ఉందేమో కూడా అడగండి. డోలో, ఇక్కడిచ్చే టైలనాల్ రెండూ పారాసిటమాలే, తెలియక రెండూ పడొచ్చు. మాత్రలు ట్రేలో వదిలి వెళ్లకూడదు, మింగేదాకా ఉండాలి.

చార్టులో నమోదు ఇచ్చాకే, ముందు కాదు. మత్తు, నొప్పి ఇంజెక్షన్లయితే మళ్లీ వచ్చి ఊపిరి, ఆక్సిజన్ చూడాలి.

పొరపాటు జరిగితే ముందు పేషెంటును చూడాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఆపైన రిపోర్టు రాయాలి. వాట్ తన తప్పు తానే చెప్పారు. అయినా 2022లో కోర్టు దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది. ఇలాగైతే ఎవరూ తప్పు బయటపెట్టరని నర్సుల సంఘాలు ఆందోళన చెందాయి. 2024లో కెంటకీ రాష్ట్రం వైద్య సిబ్బంది పొరపాట్లకు క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఇస్తూ చట్టం చేసింది. తీవ్ర నిర్లక్ష్యానికి మాత్రం ఆ రక్షణ లేదు.